ఎవరి ఫోటో

మొఘల్‌పురాలోని ఆ ఇంటికి పెళ్లిచూపులకని వచ్చినవాళ్లు చాయ్ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు. కూతురు కప్పులు సర్దుతోంది. తల్లి అద్దం ముందు కూర్చుని కొప్పు సవరించుకుంటోంది.

"అమ్మా, వాళ్లకు ఎవరి ఫోటో పంపినవ్?"

"నాదే. పెళ్లికి ముందు అఫ్జల్‌గంజ్‌ల దిగిన ఫోటో."

"నా సంబంధానికి నీ ఫోటో ఎందుకు పంపినవే?"

"నీ ముఖం నిండ అమ్మవారు పోసిన మచ్చలాయె. నీ ఫోటో చూస్తే వాళ్లు మన గడప తొక్కేటోళ్లా? ముందుగాల ఇంటికైతే రానియ్యి అనుకున్న."

"వచ్చి ఏం జేసిన్రు? నన్ను ఒక్కసారి చూసి తల తిప్పుకున్నరు."

"గది ఇడిశిపెట్టు. ఫోటో మాత్రం మస్తు నచ్చిందంట. గింత సక్కదనం యాడా చూడలేదని పిలగాని తల్లి ఒకటే చెప్పుడు. వాడకట్టంత తిప్పి చూపెట్టిందంట."

చెబుతున్నప్పుడు తల్లి ముఖం వెలిగిపోయింది.

"నేను లోపల ఏడుస్తుంటే నీకు గదే యాదికున్నదా?"

"ఏడిస్తే మచ్చలు పోతయా? గిటు చూడు. నిజం చెప్పు, నేను ఇప్పటికీ గట్లనే లేనా?"

కూతురు కప్పులు కింద పెట్టింది.

"ఆ ఫోటో చేతుల పట్టుకొని, 'ఈ పిల్ల యాడున్నదమ్మా' అని వాళ్లు అడిగింది ఎదురుంగ నిలబడ్డ నిన్నే."

తల్లి అద్దం ముందు నుంచి లేచింది.