సుబ్బాయమ్మ ఎదురు రాని దారి

ఏరా గోపీ, మళ్ళీ పోయిందా? ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో. నువ్వూ రామ్మా భార్గవీ, కూర సిమ్ములో పెట్టి రా. మీ ఇద్దరికీ మా సుబ్బాయమ్మక్క సంగతి ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదులే. నాలుగు నెలలుగా పోకర్లో ఓడిపోతున్నానని నువ్వు మొహం అలా పెట్టావు గానీ, మీ నాన్న బందర్లో ఏడు నెలలు వరసగా ఓడిపోయాడురా! పోకరు కాదు, రమ్మీ. గిలకలదిండిలో ఐసు షెడ్డు వెనకాల, మధ్యాహ్నం పూట. అప్పటికి మీ అమ్మని చేసుకోలేదు. నేను ముక్కలు సర్దుకునేలోపు ఎదుటివాడు షో అనేసేవాడు. ఏమన్నావ్? ఆట రాదేమోనా? అదొక్కటే తట్టలేదురా నాకు! తూర్పుకి తిరిగి కూర్చున్నాను, పోయింది. గెలిచేదాకా చొక్కా మార్చనని పట్టుబట్టాను. నెల తిరక్కుండానే నాతో ఆడే దుర్గారావు, "బావా, నువ్వు గెలవకపోయినా పర్లేదు, స్నానం చెయ్యి" అని దణ్ణం పెట్టాడు. శనివారాలు చేపలు మానేశాను. చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టి! ఇంతకీ ఏం చెప్తున్నానూ? ఆఁ, అక్క.

మా బావ వేటకెళ్ళి సముద్రంలో పోయాడు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పొద్దున్నే తట్టెత్తుకుని ఊళ్ళో చేపలమ్మి, నేను ఆటకి బయల్దేరే వేళకి సందు మలుపులో ఎదురొచ్చేది. "అన్నం తిన్నావా తమ్ముడూ" అనేది. మాతో ఆడే ఈశ్వరప్రసాద్ గారని ఒకాయన, బాగా చదువుకున్నాయన, గొంతు తగ్గించి, "మొగుడు పోయిన మనిషి రోజూ ఎదురొస్తే ముక్కలెలా పడతాయండీ నరసింహం గారూ" అన్నాడు. నా బుద్ధి గడ్డి తిని, వెళ్ళి అక్కతో అనేశాను. "నేను బయల్దేరేప్పుడు ఎదురు రాకే" అని. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అలాగేలేరా" అంది, అంతే. మర్నాటి నుంచి కనపడలేదు. నేనేమో ఎప్పట్లాగే ఓడిపోతూనే ఉన్నాను. ఓ రోజు ఏకంగా ఆవు ఎదురొచ్చింది. ఆవు ఎదురొచ్చినా ఓడిపోయిన మొనగాణ్ణి!

నెల గడిచాక ఓ రోజు పెద్ద వాన. పెందరాళే ఓడిపోయి, సందులో నీళ్ళు నిలిస్తే ఇళ్ళ వెనక నుంచి వస్తున్నాను. మురుక్కాలవలో మోకాలి లోతు నీళ్ళలో, నెత్తిన తట్టతో ఎవరో నడుస్తున్నారు. అక్క. నాకెదురు రాకుండా నెల నుంచీ అదే దారంట. నన్ను చూడగానే గబుక్కున అటు తిరిగి నిలబడిపోయిందిరా, ఆ నీళ్ళలోనే. "వెళ్ళిపోరా, నేనిటు తిరిగే ఉన్నాను. బాగా ఆడు" అంది. "ఆట అయిపోయిందే అక్కా, ఓడిపోయే వస్తున్నా" అన్నాను. "అయితే తిరగొచ్చా?" అంది.

ఊఁ. గబగబా దిగి తట్ట నేనందుకున్నాను. నాలుగడుగులేసి కాలవలో పడేశాను. మళ్ళీ ఆవిడే ఎత్తుకుంది. అదీ మీ నాన్న ఘనకార్యం. ఆట మానేశానా అంటావా? అంత బుద్ధిమంతుణ్ణి కాదు, ఇంకో రెణ్ణెల్లు ఓడిపోయాను. కాకపోతే ఇంటికొచ్చి "ఇవాళా పోయిందే" అని చెప్పేవాణ్ణి. "ఆట రాదని ఒప్పుకోరాదూ" అని పడీ పడీ నవ్వేది. ఓ రోజు ఒప్పుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆవిడ పోయేనాటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటావా? నిన్న సాయిదుర్గతో ఏమన్నావు? "నువ్వు పక్కన కూర్చుంటేనే పోతోంది, అవతలకి పో" అన్నావా లేదా? ఆరేళ్ళ పిల్లరా, నీ కూతురే. నేను చెప్తే తాతయ్య కబుర్లనుకుంటుంది. దానికి నువ్వే చెప్పు, మీ మేనత్త పేరుతో సహా, నేనెంత వెధవనో దాచకుండా. రేపు అది దాని పిల్లలకి చెప్పాలి. అదుగో, తలుపు పక్కన అటు తిరిగి నిలబడింది చూడు. పిలువు.