చింతలంక కంప్యూటర్‌కి కాపలా

వెంకటపతిరాజు నోరు తెరిచాడంటే చిట్టియ్య టీకొట్టు బెంచీ మీద జాగా దొరకదు. ఆ రోజు మాత్రం పైకి ఎంత ధీమాగా ఉన్నా, లోపల ఆయనకి భయంగానే ఉంది. చింతలంక పొలాల రికార్డుల కంప్యూటర్‌కి ఆయనే ఆపరేటరు. అందులో రికార్డులు భద్రంగా ఉన్నాయో లేదో చూడ్డానికి హైదరాబాదు నుంచి తనిఖీవాళ్లు వచ్చి మూడు రోజులైంది. వాళ్లు సెక్యూరిటీ సర్టిఫికెట్ ఇస్తేనే కంప్యూటర్ ఊళ్లో ఉంటుంది, రాజుగారి ఉద్యోగమూ ఉంటుంది. సంగతేంటో సాయంత్రానికి తేలుతుందన్నారు. భయం వేసినప్పుడల్లా కోతలు కొయ్యడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

“తనిఖీ ఎలా జరిగిందండీ?” గ్లాసు అందిస్తూ అడిగాడు చిట్టియ్య.

“ఏముందయ్యా, వాళ్లలో పెద్దాయనొచ్చి నా కుర్చీలో కూర్చుని, పాస్‌వర్డ్ కనిపెడతానని టకటకా కొట్టాడు. రాలేదు. భోజనం మానేసి కొట్టాడు, ఊహూఁ. ఇలాంటి తాళం నా సర్వీసులో చూళ్లేదు రాజుగారూ అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైందండీ?” అరటిగెలల వ్యాను రోడ్డు మీద వదిలేసి మరీ ముందుకు జరిగాడు ఫణీంద్ర.

“ఢిల్లీకి ఫోన్ కొట్టాడు. తెల్లారేసరికి పదకొండు మంది ఇంజనీర్లు రాజమండ్రిలో దిగారు. నా పాస్‌వర్డ్ అంటే ఏమనుకున్నావు? ఊడుపులప్పుడు మొదటి అక్షరం కొడితే, ఆఖరి అక్షరానికి వరి కోతకొస్తుంది! నాలుగు కీబోర్డులు అరిగిపోయాయి. ఒకాయనైతే వేళ్లకి కట్టు కట్టించుకుని రైలెక్కేశాడు.”

“మరి రోజూ మీరెలా కొడతారండీ?”

“సాధనయ్యా, సాధన! మధ్యలో అడ్డు రాకు. ఇక లాభం లేదని ఉపగ్రహాన్ని మన ఆఫీసు మీదకి తిప్పారు. అది కిటికీలోంచి తొంగిచూసింది. నేను ఠపీమని తలుపేశాను. ఆ దెబ్బకి దారి తప్పి ఉప్పాడ సముద్రం మీద రెండు రోజులు గిరగిరా తిరిగింది. వలలేసేవాళ్లు దండాలు పెట్టారట! చివరికి పెద్దాయన నా చేతులు పట్టుకుని, దేశంలో రహస్యాలన్నీ చింతలంక పంపించేస్తాం, మీరే కాపాడాలి అని కళ్లనీళ్లు…”

“రాజుగారూ, దీని మీద స్టాంపు వెయ్యాలండి,” అంటూ వచ్చింది రైతు వీరవేణి. ఆవిడ చేతిలో అప్పుడే తీసిన అడంగల్, అంటే పొలం వివరాల కాగితం, ప్రింటు.

రాజుగారు కాగితం వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశాడు. “ఇదెవరు తీశారు?”

“నేనేనండి. లైన్లో ఉన్నవాళ్లు ఎవరిది వాళ్లు తీసుకోండి, పాస్‌వర్డ్ మీ అమ్మాయి భవ్య పేరే అని, టీకొచ్చేటప్పుడల్లా మీరే కేకేసి చెబుతారు కదండీ?”

బెంచీ మీద ఎవరికీ నవ్వాగలేదు. రాజుగారు మాత్రం గ్లాసు పక్కన పెట్టేశాడు. “ఈ సంగతి ఆ తనిఖీ పెద్దాయన చెవిన గానీ పడిందా?”

“మొదటి రోజే ఆయనకి నేనే చెప్పానండి. మీరు ఇక్కడుంటే, ఆయనొక్కరే పాపం కొడుతూ కూర్చున్నారు. జాలేసింది.”

“చెప్పేశావా! మరి సర్టిఫికెట్?”

“ఇప్పుడే జీపెక్కుతూ చెప్పమన్నారండి. నెలాగి మళ్లీ వస్తారట. కంప్యూటర్‌కి ఏ లోటూ లేదు, ముందు మీ రాజుగారు కుర్చీలో ఉంటారో లేదో చూసి ఇస్తామన్నారు.”

ఉద్యోగం ఊడలేదని తెలిసి రాజుగారి ప్రాణం లేచొచ్చింది. టీ సగంలోనే వదిలేసి, పంచె ఎగ్గట్టి, ఆఫీసువైపు పరుగందుకున్నాడు.