పక్క సీటు బరువు

భోపాల్‌పట్నం రోడ్డు పక్క షెడ్డులో, స్ప్రింగులు మార్చి నాలుగంగుళాలు ఎత్తు పెంచిన జీపు కింద నుంచి మెకానిక్ బయటికి వచ్చాడు. జీపు యజమాని ముందు చక్రం దగ్గరే నిలబడి ఉన్నాడు.

“బండి ఎత్తు లేపితే స్టీరింగ్ రాడ్ల వాలు మారతదన్నా. అందుకే స్టీరింగ్ పక్కకు గుంజుతాంది. సరిచేస్త. అసలు ఇంత ఎత్తెందుకు?”

“మొన్నటి వానలకు వాగు మధ్యల ఇంజన్లకు నీళ్లు పోయి ఆగింది. తమ్ముడు దిగి నూకిండు.”

“తెలుసన్నా. కొట్టుకపోయి మూడో రోజు శవమై దొరికిండంట గదా.”

“ఇప్పుడైతే బండి ఆగదు గదా?”

“ఆగదు. కాని చక్రాల అలైన్‌మెంట్ రోజూ ఎక్కే బరువు మీదనే చెయ్యాలె. పక్క సీట్ల ఎవరు కూసుంటరు?”

“తమ్ముడు. అరవై కిలోలు.”

“అన్నా...”

“అరవై అంటున్న గదా!”

“సరే. ఎదురు దుకాణంల అంత బరువు బియ్యం బస్తా అడిగి తెస్త.”

బస్తాను పక్క సీట్లో పెట్టి, రాడ్లు సరిచేసి, ఇద్దరూ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చారు.

“చూసినవా, చెయ్యి వదిలినా సీదా పోతాంది. ఇగ బస్తా దించాల్నా?”

“వద్దు. దానికి బెల్టు పెట్టు. ఈసారి వాణ్ని దిగనియ్య.”