వంటగది కింద

రాస్కామన్ కొండ మీద బొగ్గు గని మూతపడి ముప్పై ఏళ్లయింది. ఆ కొండ మీది తమ ఇల్లు కొందామని చూసి వెళ్లిన కొత్త జంట తాగిన టీ కప్పులు కడుగుతూ, ఆ గనిలో పనిచేసిన మొగుడి మీద ఆమె విరుచుకుపడింది.

"వాళ్లకి నచ్చింది. ఈ చెమ్మకొంప వదిలి కిందికి దిగిపోదామంటే, సంతకం పెట్టనంటావేంటయ్యా?"

"ఈ ఇంటి కింద డొల్ల."

"గని మ్యాపులో ఇటువైపు ఏమీ లేదుగా."

"మ్యాపులో గీసిన హద్దు దాటి తవ్వాం. బొగ్గు పొర ఇటే వచ్చింది, దాని వెంటే మేమూ వచ్చాం. సొరంగం మూరెడు ఎత్తు, పక్కకి పడుకుని తవ్వడమే. సరిగ్గా ఈ వంటగది కింద, పైకప్పు కూలకుండా దన్ను కర్రలు నేనే నిలబెట్టా. ఈపాటికి పుచ్చిపోయుంటాయి. కొంటానన్న ఆ పిల్ల కడుపుతో ఉంది, చూశావుగా."

"అంటే అమ్మలేం, ఉండలేం."

"ఊఁ."

"ఆ చీకట్లో, పైన మన వంటగదే అని నీకెలా తెలుసు?"

"నీ అడుగుల చప్పుడు వినపడేది. పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా, మళ్లీ పొయ్యి దగ్గరికి."

ఆమె కప్పు పక్కన పెట్టి కాళ్ల కింది నేలకేసి చూసింది.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"కింద నాకదొక్కటే తోడు. చెబితే మెల్లగా నడిచేదానివి."