గుప్పెడు బియ్యం కేసు

అదేంటి ఎస్సైగారూ! ముంచింది కృపారావని పొద్దుటినుంచీ మొత్తుకుంటుంటే, కాగితం మీద మా బర్నబాసు పేరు రాస్తారేంటండీ? చదివి వినిపించారు కాబట్టి సరిపోయింది. లేకపోతే గుడ్డిగా సంతకం పెట్టేసేదాన్నే!

బర్నబాసంటే అదుగో, మీ వరండాలో బల్ల మీద కూర్చున్నాడే, ఆ బక్కోడు. మా చెల్లెలి కొడుకు. నాకు మోకాళ్లనొప్పులని అడవులదీవిలో చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, ఇక్కడ రేపల్లెలో దింపింది వాడే. టిక్కెట్టు కూడా వాడే కొన్నాడు. ఆ కృపారావు పెట్టిన ఫైనాన్సు కంపెనీకి ఏజెంటు, నిజమే. వాడి పెళ్లాం గొలుసు అమ్మిన డబ్బు కూడా అందులోనే పోయింది బాబూ.

ఆఁ? మళ్లీ మొదట్నుంచీనా? చెప్తాను, ఈసారన్నా సరిగ్గా రాసుకోండి.

తొంభైలో తుపానొచ్చిందా, మా చర్చి రేకులు ఎగిరిపోయి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. స్లాబు వేయించాలని మా స్త్రీల సమాజం పట్టుబట్టింది. అందరం కూలికెళ్లేవాళ్లమే, డబ్బులెక్కడివి? ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి కుండలో వేస్తాం. ఆదివారం తెచ్చి చర్చిలో పోస్తాం. అవి అమ్మి కూడబెట్టిన డబ్బండీ అది! పిల్లలకి గంజి చాలని రోజున కూడా మా ధనమ్మ ఆ గుప్పెడు మానలేదు.

బ్యాంకు లేదా అంటారా? ఉంది నాయనా. బ్యాంకాయన ఏనాడన్నా మా చర్చికొచ్చి మోకరించాడా? కృపారావు మోకరించాడు! తెనాలి నుంచి కారులో వచ్చి మాతోపాటు చాప మీద కూర్చున్నాడు. కంపెనీకొచ్చిన లాభంలో దేవుడి దశమభాగమని కవరు తీసి కానుక సంచిలో వేశాడు. పాస్టరుగారికి కళ్లనీళ్లు తిరిగాయి. దేవుడికే పదో వంతు ఇచ్చేవాడు మనకి ఎగ్గొడతాడా అనుకున్నాం. మరుసటి ఆదివారమే స్లాబు డబ్బంతా కంపెనీలో కట్టమని బర్నబాసు చేతిలో పెట్టాం.

ఆ కవర్లో డబ్బు కొల్లూరు ఆడోళ్లు ఇదే కంపెనీలో దాచుకున్నదేనట. ఇప్పుడు తెలిసింది, కంపెనీకి తాళం పడి కృపారావు పారిపోయాక.

అయినా నాకు తెలీక అడుగుతాను, బస్టాండులో జేబు కొట్టేవాడు దొరికితే వీపు చిట్లగొడతారే! ఇన్ని ఊళ్లు మింగినాయన్ని ‘కృపారావుగారు’ అంటున్నారేంటి? ఇందాకట్నుంచీ వింటున్నా. మావాడేమో ‘వాడు’, ఆయనేమో ‘గారు’.

సరే, మీ మీద అరిస్తే ఏమొస్తుంది. ఏ కాగితం మీదా ఆయన సంతకం లేదంటారు. రశీదులన్నీ బర్నబాసు రాసిచ్చినవేనంటారు. వాడు ముద్దాయి కాకపోతే కేసే నిలబడదు, కేసు లేకపోతే రేపు కంపెనీ ఆస్తులు వేలం వేసినా మాకు పైసా రాదు. అంతేగా? ఇదెక్కడి న్యాయమండీ!

సంతకం పెట్టకుండా పోతే మా సమాజం ఆడోళ్లకి నా మొహం ఎట్టా చూపించను? పెడితే మా చెల్లెలికి ఎట్టా చూపించను? మీరన్నా చెప్పండి. టీ చల్లారిపోతోంది, తాగండి.

ఈ పొద్దున కూడా చెయ్యి దానంతటదే గుప్పెడు తీసి కుండలో వేసింది బాబూ. ఎందుకేశానా అని అక్కడే నిలబడిపోయా.

ఇటివ్వండి ఆ పెన్ను. ఎక్కడ, ఇక్కడా? ఊఁ. కమలమ్మ, స్త్రీల సమాజం. పెట్టాను.

ఒక్కటడుగుతా, కాదనకండి. నన్ను బస్సెక్కించేదాకా వాడికేమీ చెప్పకండి. ఈ మెట్లు నేనొక్కదాన్నీ దిగలేను. తర్వాత వాడే తిరిగొస్తాడు లెండి. పారిపోవడానికి వాడేమన్నా కృపారావుగారా?