పక్క తలుపు తాళంచెవి

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ వాలెస్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీచర్లకు, వెనకాల పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నా తోటి తల్లులకు, ఇవాళ మనం సన్మానించుకుంటున్న ఫెర్మిన్ గారికి వందనాలు. నా పేరు మారిక్రూజ్. నాకు సభలో మాట్లాడటం రాదు. బడి మండలికి కొత్తగా గెలిచినవాళ్లలో ఒకరు మాట్లాడాలని ప్రిన్సిపాల్ గారు అనగానే మిగతా వాళ్లంతా ఒక్కసారిగా తలలు దించుకున్నారు. నేను దించుకోవడం కాస్త ఆలస్యమైంది. (నవ్వులు)

నేను మెక్సికోలో మా ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివాను, అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. నా మాటలు ఇంగ్లీషులో చెబుతున్న బెనవీదెస్ మాస్టారూ, నేను గట్టిగా అన్నచోట మీరు మెత్తగా చెప్పండి. మా పక్కింటి సొకోర్రో అక్కా, ఆ ఫోను దించు, నేను కాగితం చూసి చదవడం అందులో పడుతుంది.

టైర్ల కొట్టు ఫెర్మిన్ గారు పదహారేళ్లు మన మండలికి అధ్యక్షులు. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేది, బడి డబ్బు దేనికి వాడాలో చెప్పేది ఆ మండలే. రెండేళ్లకోసారి, మార్కుల కాగితాలు తీసుకోవడానికి తల్లిదండ్రులు వచ్చే రోజునే ఇక్కడ ఓట్లు పడతాయి. ఆ రోజు ఫెర్మిన్ గారు బయట కాలిబాట మీద బల్ల వేసి, వచ్చినవాళ్లందరికీ తీపి రొట్టె, ఒక క్యాలెండరు ఇచ్చేవారు. క్యాలెండరులో పైన మా గ్వాదలూపె మేరీమాత, కింద ఫెర్మిన్ గారు. ఎన్నిక ఎన్నికకీ మాత బొమ్మ కొంచెం తగ్గుతూ వచ్చింది. (నవ్వులు)

ఓటు వేయవద్దని మాత్రం ఆయన మాతో ఏనాడూ అనలేదు. దేవుడి ముందు అబద్ధం చెప్పకూడదు. మా భుజం తట్టి, గొంతు తగ్గించి, "జాగ్రత్త తల్లీ, లోపల సర్కారు కాగితాలేవో నింపుతున్నారు" అనేవారు, అంతే. ఈ దేశపు కాగితాలు లేవన్న భయంతో, ఆ ఒక్క మాటకే మేము రొట్టె పుచ్చుకుని, మార్కులు పుచ్చుకుని, గోడ వారగా ఇంటికి పోయేవాళ్లం. ఇంత మర్యాదగా ఓటు పోగొట్టుకున్నవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

పోయినసారి ఎన్నికకు నేను మార్కుల వరస అనుకుని ఓట్ల వరసలో నిలబడ్డాను. బల్ల దగ్గరి ఆవిడ "ఏ పిల్ల తల్లివి?" అని అడిగింది. "ఇత్జెల్ తల్లిని" అన్నాను. ఒక కాగితం చేతిలో పెట్టింది. పిల్లల భోజనాలకేమో అనుకుని, నాకు తెలిసిన ఒకే ఒక్క పేరు పక్కన గీత పెట్టి డబ్బాలో వేశాను. ఆ పేరు ఎవరిదనుకున్నారు? ఫెర్మిన్ గారిదే! ఆయన క్యాలెండరు మా వంటింట్లోనే ఉంది మరి. (నవ్వులు) అయ్యా, మీకు ఓటు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, అది మీరు మరచిపోకూడదు.

నేను ఈ దేశ పౌరురాలిని కాను. వేసింది ఓటని తెలిశాక మూడు రోజులు తలుపు కొట్టిన ప్రతివాడూ పోలీసేననుకున్నాను. మా ఆయన ఎవరిస్తో తల పట్టుకుని, "మార్కులు తెమ్మంటే ఎన్నిక చేసొచ్చావా? రేపు పాల కోసం పంపితే ఏం చేసొస్తావే?" అన్నాడు. చివరికి సొకోర్రో అక్క వెళ్లి బెనవీదెస్ మాస్టారినే అడిగింది. మాస్టారు నవ్వి, "దేశం ఎన్నిక వేరమ్మా, బడి ఎన్నిక వేరు. పిల్ల ఈ బడిలో ఉంటే చాలు. ఓటూ వేయొచ్చు, నిలబడనూ వచ్చు" అన్నారు.

ఆ మాట విని నేను సంతోషించలేదు. నాకు కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను.

మాలో చాలామందికి పని ఏడున్నరకే మొదలవుతుంది. పిల్లల్ని ఏడింటికే దింపాలి, గంట కొట్టేది ఎనిమిదింటికి. ఆ గంటసేపు షికాగో జనవరి గాలిలో మా పిల్లలు ఈ భోజనాల గదికున్న ఆ పక్క తలుపు బయట నిలబడేవాళ్లు. ఒకరోజు ఇత్జెల్ కనురెప్పలు మంచుతో అంటుకుంటే నా నోటి ఆవిరితో విడదీశాను. అప్పుడే ఫెర్మిన్ గారు వచ్చారు. జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచారు, లోపలి నుంచి కాఫీ వాసన వచ్చింది. "వెచ్చగా ఉండండి తల్లుల్లారా!" అని దీవించి, తలుపు వేసుకున్నారు. మండలి ఒక్క తీర్మానం చేస్తే ఈ భోజనాల గది ఏడింటికి తెరవవచ్చు. ఎప్పుడడిగినా "వచ్చే సమావేశంలో చూద్దాం" అనేవారు. పదహారేళ్లలో ఎన్ని సమావేశాలు వచ్చి ఉంటాయో, ఆ "వచ్చే సమావేశం" ఒక్కటే రాలేదు.

అందుకని ఈసారి నేను నిలబడ్డాను. ఎవరిస్తో, "ఫోనెత్తి హలో అనడానికే సిగ్గుపడతావు, జనం ముందు ఏం మాట్లాడతావు?" అన్నాడు. నిజమే. అభ్యర్థుల సభలో ఫెర్మిన్ గారు మన బడి, మన రక్తం, మన పూర్వీకులు అంటూ కాఫీ చల్లారేదాకా మాట్లాడారు. నేను లేచి, "ఆ పక్క తలుపు తెరవాలి. ఓటుకు కాగితాలు అక్కర్లేదు, పిల్ల పేరు చెబితే చాలు" అని కూర్చున్నాను. మిగతాది సొకోర్రో అక్క బట్టలుతికే దుకాణంలో, చర్చి మెట్ల మీద, బస్సులో చెప్పింది. ఆమె నోటికి తాళం లేదు, మా అదృష్టం.

ఎన్నిక రోజు ఫెర్మిన్ గారి బల్ల దగ్గర మేము వరసగా నిలబడి తలా ఒక రొట్టె తిన్నాం. చాలా బాగుంది. తినేసి, వేళ్లు తుడుచుకుని, లోపలికి వెళ్లాం. (నవ్వులు, చప్పట్లు)

ఆ వారంలోనే ఫెర్మిన్ గారు తనకిక విశ్రాంతి కావాలని ప్రకటించారు. ఓడిపోయాక పదవి వదులుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

నవ్వండి కానీ, ఒక మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది. ఓట్లు లెక్కపెట్టాక ఆయన నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. పెద్దమనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెల్లగా, "నువ్వెవరి తల్లివమ్మా?" అని అడిగారు. రెండు చలికాలాలు రోజూ ఆయన దాటుకుంటూ వెళ్లింది నన్నే. ఆయన మమ్మల్ని తరిమేశారనుకున్నాను, అసలు చూడనేలేదని ఆ రాత్రే తెలిసింది. దేనికి ఎక్కువ బాధపడాలో నాకు తెలియలేదు.

ఫెర్మిన్ గారూ, ఆ తాళంచెవి ఇవాళ మీరు వేదిక మీద తిరిగి ఇచ్చేస్తారని చెప్పారు. వద్దండీ, గుర్తుగా ఉంచుకోండి. మా మొదటి సమావేశంలో మొదటి తీర్మానం అదే చేశాం. సోమవారం నుంచి ఏడింటికల్లా ఆ తలుపు తీసే ఉంటుంది. మీ మనవరాలు వచ్చే ఏడు ఇక్కడే చేరుతుందట కదా. చలిలో నిలబడకండి, నేరుగా లోపలికి రండి, కాఫీ ఉంటుంది. గుమ్మం దగ్గర ఒకే ఒక్క మాట అడుగుతారు, ఏ పిల్ల తాతగారని. అది చెబితే చాలు.

ఓపిగ్గా విన్న మీకందరికీ, నా కోపాన్ని మెత్తగా చెప్పిన మాస్టారికి కృతజ్ఞతలు. ఇక నేను కూర్చుంటాను. సెలవు.