నలభై ఏడో నంబరు ఎండకు చావలేదు

తేది 8-6-2009, సోమవారం. మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. సికింద్రాబాదు, పోలీసు స్టేషను.

నా పేరు మార్త. నా భర్త యేసురాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి నాలుగేళ్ళ కిందట చనిపోయారు. నా వయస్సు నలభై తొమ్మిది. నివాసం లాలాగూడ. మారేడ్‌పల్లిలో ఒక చేపల పరిశోధన కార్యాలయంలో పదకొండేళ్ళుగా క్షేత్ర సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పర్మినెంటు కాదు, ఏడాదికొకసారి కాంట్రాక్టు పొడిగిస్తారు.

మా ఆఫీసరు రామభద్రరావు గారు నా మీద ఫిర్యాదు ఇచ్చారు. వారి వంటింట్లోంచి స్టీలు తపేలా ఒకటి, మూతతో సహా, లోపలి చేపల పులుసుతో సహా ఎత్తుకుపోయానని అందులో రాశారు. నిజమే, తీసుకున్నాను. ఆ తపేలా ఇప్పుడు ఎస్.ఐ. గారి బల్ల మీద ఉంది. దాన్ని తెచ్చి పెట్టింది నేనే. దొంగసొత్తు మోసుకొచ్చి పోలీసు బల్ల మీద పెట్టే దొంగ ఎక్కడైనా ఉంటుందా? ఎందుకు తీసుకున్నానో వరసగా చెబుతాను, ఒక్క ముక్క కూడా వదలకుండా రాసుకోమని రైటరు గారిని కోరాను.

మా పని ఇది. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి కడెం వాగు వెంట మకాం వేస్తాం. అక్కడి మడుగుల్లో మహసీర్ అనే చేప ఉంది. అరచేతి వెడల్పు పొలుసు, బంగారు రంగు. వెనకటికి మనిషంత చేపలు పడేవని ముసలివాళ్ళు చెబుతారు. వాగులో మందుగుండు పేల్చి, విషం కలిపి, గుడ్లతో ఉన్నవాటిని కూడా వదలకుండా పట్టి, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిల్చారు. మేము వల వేసి పడతాం. పొడవు కొలుస్తాం, తూకం వేస్తాం, వీపు రెక్క కింద పసుపుపచ్చ బిళ్ళ గుచ్చుతాం, బిళ్ళ మీద నంబరు ఉంటుంది. మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాం. మరుసటేడు అదే చేప పడితే మళ్ళీ కొలుస్తాం. వల వేసేది పర్వతాలు అనే అతను, ఆ వాగు ఒడ్డునే పుట్టిన జాలరి. కొలిచేది, రాసేది నేను.

నలభై ఏడో నంబరు మొదట పడింది 2003 జూన్ పందొమ్మిదిన. ముప్పై ఒక్క సెంటీమీటర్లు. తర్వాత ఏ ఏడూ తప్పలేదు. పోయినేడు అరవై ఎనిమిది సెంటీమీటర్లు. రిజిస్టరు చూడకుండానే అన్ని కొలతలూ చెప్పగలను. అక్కర్లేదని ఎస్.ఐ. గారు అన్నారు. ఆ వాగులో మాకు దొరికిన గుడ్లు పెట్టే వయసు ఆడవాటిలో అంత పెద్దది ఇంకొకటి లేదు. ఈ మాట మాత్రం రాయించాను.

ఈ ఎండాకాలం వాగు ఎండి మడుగులు గుంటలైపోయాయి. ఉన్న గుంటలో దాన్ని ఎవరో ఒకరు పట్టుకుపోతారని నాకు భయం పట్టింది. తల్లిచేపను తెచ్చి తొట్లో ఉంచుదాం, గుడ్లు తీసి పొదిగించి పిల్లల్ని వాగులో వదులుదాం అని కాగితం పెట్టింది నేనే. పర్వతాలు వద్దన్నాడు. "వాగులనే ఉండనీయక్కా. సచ్చినా బతికినా దాని నీళ్ళల్ల ఉంటది. పట్నంల మనుషులే బతుకుతలేరు" అన్నాడు. నేను వినలేదు. మే ఇరవై ఒకటిన దాన్నీ రెండు మగవాటినీ ఆక్సిజన్ పెట్టిన ట్యాంకులో సికింద్రాబాదు తెచ్చాం. పర్వతాలు కూడా మాతో వచ్చి, అప్పటి నుంచి ఆఫీసు వెనక షెడ్డులోనే పడుకుంటున్నాడు.

నిన్న ఆదివారం సాయంత్రం దాని పొట్ట నొక్కి చూశాను. గుడ్లు వదులయ్యాయి. ఈ రోజు పదకొండు గంటలకు గుడ్లు పిండాలని నిర్ణయించుకున్నాం. ముందురోజు నుంచే తల్లిని వేరు చేసి నీలం ప్లాస్టిక్ తొట్లో ఒంటరిగా ఉంచాలి, నీళ్ళలోకి గాలి కొట్టే మోటారు ఆగకూడదు. అలాగే ఉంచాం.

ఈ రోజు మృగశిర కార్తె. ఈ ఊళ్ళో ఈ రోజు చేప తినని ఇల్లు తక్కువ. అందులో తప్పేమీ లేదు, మా ఇంట్లోనూ తింటాం. మా ఆఫీసులో దీనికి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఈ రోజు పొద్దున, డిపార్టుమెంటు చెరువుల్లో పెంచిన బొచ్చె, రవ్వ చేపలు తొట్లలో తెచ్చి గేటు పక్క నీడలో పెడతారు. డ్రైవరు వాటిని జీపులో ఎక్కించి పెద్ద ఆఫీసర్ల ఇళ్ళకు పంచి వస్తాడు. ఏ కాగితం మీదా రాయరు, ఎవరూ అడగరు. గేటు పక్క తొట్టి ఉందంటే అది ఎవరి ఇంటికో పోయేదని స్వీపరు నుంచి అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఈ రోజు పొద్దున అయిదుంబావుకు కరెంటు పోయింది. మోటారు ఆగింది. ఇన్వర్టరు లైను ఒక్క గేటు గదికే ఉంది. పర్వతాలూ నేనూ తొట్టిని మోసుకెళ్ళి గేటు పక్క నీడలో పెట్టి, వైరు కిటికీలోంచి లోపలికి ఇచ్చి మోటారు నడిపించాం. అక్కడ అప్పటికి ఇంకే తొట్లూ లేవు. తొట్టిని గేటు దగ్గర పెట్టింది నేనే. మగవాటి నీళ్ళు కదిలించడానికి పర్వతాలు వెనక్కి పోయాడు. నేను రాత్రి అక్కడే ఉన్నాను కాబట్టి ఆరున్నరకు ఇంటికి పోయి స్నానం చేసి వస్తానన్నాను. వాచ్‌మన్‌కు చెప్పాను, దీన్ని ముట్టుకోనివ్వకు అని. అతని డ్యూటీ ఏడింటికి మారుతుందని నాకు తట్టలేదు.

తొమ్మిదీ నలభైకి తిరిగి వచ్చాను. గేటు పక్క ఒక్క తొట్టీ లేదు. వైరు కిటికీకి వేలాడుతోంది, మోటారు నేల మీద పడి ఇంకా తిరుగుతోంది. పర్వతాలు వెనక మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, అతనికి ఏమీ తెలియదు. డ్రైవరు ప్రభుదాస్‌కు ఫోను చేశాను. అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాయించాను. "ఎనిమిదింటికి లోడ్ చేసిన అక్కా. ఒకదానికి పసుపు బిళ్ళ ఉందని సార్‌కు ఫోన్ల చెప్పిన. పెద్దదే గదా, ఇంటికి తీస్కరా అన్నడు. ఆయన చెప్పినంక నేనేం చేస్త?" అన్నాడు.

అక్కడితో అయితే నాది పొరపాటు, అతనిది పొరపాటు అనుకుందును. కానీ బిళ్ళ ఉందని విన్న తర్వాత తెమ్మన్న రామభద్రరావు గారిది పొరపాటు కాదు. ఆ బిళ్ళ ఏమిటో తెలిసినవాళ్ళు ఈ రాష్ట్రంలో పదిమంది ఉంటే ఆయన ఒకరు. ఆ బిళ్ళ గురించి మీటింగుల్లో మాట్లాడేది ఆయనే. ఆ చేప ఫొటో ఆయన గదిలో గోడకు ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డది ఆయనే. కంచే చేను మేసిందంటారే, ఇది అదే.

పది గంటల పదిహేను నిమిషాలకు వారింటికి చేరాను. ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతల. వారి భార్య జగదాంబ గారు తలుపు తీశారు. ఆమెకు ఏమీ తెలియదు, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మృగశిర రోజు వేళకు వచ్చావు, నాలుగు ముద్దలు తిని వెళ్ళమన్నారు. వంటింట్లో వాళ్ళ పనిమనిషి ఎల్లమ్మ స్టవ్వు కట్టేస్తోంది. పులుసు అప్పుడే దించింది. పక్కన మూకుడులో గుడ్లు వేయించి పెట్టింది. మూకుడు నిండా ఉన్నాయి. ఆరేడు వేల గుడ్లు ఉంటాయి. ఈ రోజు పదకొండింటికి నేను పళ్ళెంలోకి పిండవలసినవి.

బిళ్ళ ఎక్కడ అని ఎల్లమ్మను అడిగాను. ఆమె కిటికీ గూట్లోంచి తీసి ఇచ్చింది. "ఏందో అని కడిగి పెట్టినమ్మా, పిల్లలు ఆడుకుంటరని" అంది. పసుపుపచ్చ బిళ్ళ, నలభై ఏడు. సబ్బుతో కడిగింది. పొలుసులు పాత పేపరులో చుట్టి ఉన్నాయి, అవీ బిళ్ళా నడుమున దోపుకున్నాను.

అప్పుడు రామభద్రరావు గారు లోపలి నుంచి వచ్చారు. స్నానం చేసి, తల తుడుచుకుంటూ. నేను బిళ్ళ చూపించాను. ఆయన నా వైపు కాక తపేలా వైపు చూశారు. "ఒక చేపకు ఇంత రాద్ధాంతమేమిటమ్మా మార్తా? వాగులో ఇంకోటి దొరకదా? అసలు దాన్ని గేటు దగ్గర ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అన్నారు.

ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టాను. అందుకే నాకు అంత కోపం వచ్చింది. తపేలాకు మూత పెట్టాను, కొంగుతో రెండు పక్కలా పట్టుకున్నాను, బయటికి వచ్చేశాను. ఎవరినీ తిట్టలేదు, నెట్టలేదు. ఫిర్యాదులో నెట్టానని రాశారు, అది అబద్ధం. మూకుడు కూడా తీసుకోవలసింది, రెండు చేతులు చాలలేదు.

వారింటి నుంచి స్టేషన్‌కు నడిచి వచ్చాను. ఆటో వాళ్ళు పులుసు ఒలుకుతుందని ఎక్కించుకోలేదు. దారంతా ఏ ఇంటి ముందు చూసినా చేపల వాసనే. ఒకాయన మీ ఇంట్లో ఏం చేపమ్మా అని నవ్వుతూ అడిగాడు. ఏ పాపమూ ఎరగని మనిషి. మూత ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుని నడిచాను. పది యాభైకి స్టేషన్‌లో అడుగు పెట్టాను. నా చీర మీద ఉన్న మరకలు ఆ పులుసువే.

నా ఫిర్యాదు ముందు రాసుకోమన్నాను. చేప చచ్చిపోతే కేసేమిటమ్మా అని ఇక్కడ ఒకరు నవ్వారు. ఎవరో రాయించను, ఆయన తర్వాత మూత తీసి చూసి, తనే మళ్ళీ మూసేశారు. పన్నెండున్నరకు ప్రభుదాస్ రామభద్రరావు గారి ఫిర్యాదు కాగితమూ, దాంతోపాటు మా ఆఫీసు రిజిస్టరూ తెచ్చాడు. మా రిజిస్టరులో చేప చనిపోతే కారణం రాసే గడి ఉంటుంది, దాని కింద క్షేత్ర సహాయకురాలి సంతకం ఉండాలి. నలభై ఏడు ఎదురుగా ఆయన తన చేతిరాతతోనే రాశారు: సహజ మరణం, ఎండ తీవ్రత వల్ల. సంతకం చోటు నాకు వదిలారు. ప్రభుదాస్ తల వంచుకుని చెప్పాడు, సంతకం పెడితే సార్ కేసు వాపసు తీసుకుంటారట, ఈ నెలాఖరుకు కాంట్రాక్టు కూడా పొడిగిస్తారట. పెట్టకపోతే రెండూ లేవు.

ఎస్.ఐ. గారు మంచిమాటగానే చెప్పారు. సంతకం పెట్టి ఇంటికి వెళ్ళమ్మా, ఒంటరి ఆడదానివి, ఉద్యోగం చూసుకో అన్నారు. వారి మీద నాకు కోపం లేదు. కానీ ఆ గడిలో అలా రాస్తే, వచ్చే ఏడు ఇంకెవరో చదివి, ఈ చేప తొట్లో బతకదు, ఎండకు తట్టుకోదు, దీన్ని కాపాడడం దండగ అని తేలుస్తారు. ఆ ఒక్క అబద్ధంతో మిగిలిన చేపల ఖర్మ కూడా రాసిపెట్టినట్టే. ఏడేళ్ళు నేను ఆ రిజిస్టరులో ఒక్క సెంటీమీటరు తప్పు రాయలేదు.

రైటరు గారు పైన ఒకచోట "చేపల పులుసు" అని రాసినచోట "నలభై ఏడో నంబరు" అని మార్చమన్నాను. ఫిర్యాదులో ఉన్న మాట మార్చకూడదట. అయితే ఇక్కడ రాయమన్నాను: ఆ తపేలాలో ఉన్నది నలభై ఏడో నంబరు.

ఇలాంటి వాంగ్మూలం కింద సంతకం అక్కర్లేదని ఎస్.ఐ. గారు చెప్పారు. అయినా పెడుతున్నాను. రిజిస్టరులో కూడా పెట్టాను, పెట్టమన్నారు కాబట్టి. పెట్టే ముందు ఆయన రాసినదాన్ని ఒక గీతతో కొట్టేసి, ఆ పక్కన ఇలా రాశాను: 8-6-2009, ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య చంపబడింది. గుడ్లతో ఉంది. తెమ్మన్నది రామభద్రరావు. గేటు దగ్గర పెట్టింది మార్త.

పైన ఉన్నది మొత్తం నాకు చదివి వినిపించారు. అంతా నేను చెప్పిందే, అంతా జరిగిందే. మగవి రెండూ ఇంకా బతికే ఉన్నాయని ప్రభుదాస్ చెప్పాడు. కరెంటు ఇంకా రాలేదు, పర్వతాలు మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. త్వరగా వదిలితే నేను కూడా పోయి పోస్తాను.

(సం.) మార్త